పరీక్ష నెగ్గింది ప్రోగ్రామొక్కటేనా?

2025 అక్టోబరు 14న విండోస్ 10 మామూలు ఎడిషన్లకు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ఆపేసింది. ఇంట్లో వాడుకునే కంప్యూటరుకు అదొక చిన్న చికాకు. నెల్లూరు తీరంలో మాత్రం అది పెద్ద ప్రశ్న. కావలి నుంచి తడ దాకా ఈ తీరంలో ముఖ్యమైన కంప్యూటర్లు ఒంటరిగా ఉండవు, ఏదో ఒక యంత్రానికి కట్టుబడి ఉంటాయి. రొయ్యల ఎగుమతికి నమూనాలు చూసే ల్యాబులో మాస్ స్పెక్ట్రోమీటరుకు, ముత్తుకూరు మండలం నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం లాంటి చోట బాయిలరుకూ టర్బైనుకూ, పులికాట్ అవతల శ్రీహరికోటలో రాకెట్టుకు. ఇలాంటి చోట ఒక ప్రోగ్రాం పరీక్షలన్నీ నెగ్గి, సంతకాలు పడి పనిలోకి దిగిందంటే దాన్ని కదపడానికి ఎవరికీ మనసొప్పదు. కిందనున్న ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం పదేళ్లకోసారి మారిపోతూనే ఉంటుంది.

అందుకే ఈ రంగాల్లో పనిచేసేవాళ్ల నోట ఒకే కోరిక వినిపిస్తుంది. పాత ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చకుండా కొత్త సిస్టమ్ మీదికి తెచ్చుకోవాలి, పనికి తగినదని మళ్లీ నిరూపించే క్వాలిఫికేషన్ చేయాల్సిన పని ఉండకూడదు.

ఆ కోరికలో అన్యాయం లేదు. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు కొలిచే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పరికరాన్నే తీసుకుందాం. దాని సాఫ్ట్‌వేర్ ఏ విండోస్ మీద నడవాలో తయారీ కంపెనీ ముందే చెబుతుంది. విండోస్ మారితే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కొనాలి. కంపెనీ ఇంజనీరు వచ్చి ఇన్‌స్టలేషన్, ఆపరేషన్ క్వాలిఫికేషన్లు చేయాలి. తర్వాత పరీక్షా పద్ధతి వ్యాలిడేషన్‌లో కొన్ని భాగాలైనా తిరిగి చేసి చూపాలి. అన్ని రోజులూ పరికరం నమూనాలు తీసుకోదు. కోల్డ్ స్టోరేజీలో సరుకు, బుక్ చేసిన కంటైనరు, రైతు చేతికి రావలసిన డబ్బు అన్నీ ఆ రిపోర్టు కోసం ఆగుతాయి. ఈ భారాన్ని తగ్గించుకోవాలనుకోవడం బద్ధకం కాదు, బతుకు అవసరం.

అయితే ఆ కోరికను తీర్చడానికి చెప్పే వాదన ఒకటుంది: ప్రోగ్రాం మారలేదు కదా, పరీక్ష ఎందుకు? ఈ వాదన ఎక్కడ తప్పుతుందో 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూలో ప్రపంచమంతా చూసింది.

ఆ రోజు ఏరియాన్-5 తొలిసారి ఎగిరింది. రాకెట్టు ఎటు పోతోందో చెప్పే ఇనర్షియల్ రిఫరెన్స్ సిస్టమ్‌లోని ప్రోగ్రాం ఏరియాన్-4 నుంచి తెచ్చినది. అడా భాషలో రాసింది, ఏరియాన్-4లో మచ్చలేని పేరున్నది. అందులో ఒకచోట పక్కవాటు వేగానికి సంబంధించిన విలువను 64 బిట్ల దశాంశ రూపం నుంచి 16 బిట్ల పూర్ణాంకంలోకి మారుస్తారు. ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టాల్సిన ఆ 16 బిట్లలో పెద్ద సంఖ్య 32,767. ఏరియాన్-4 నడిచే దారిలో ఆ విలువ ఈ హద్దు దాటదు. ఏరియాన్-5 మొదటి క్షణాల నుంచే పక్కకు ఎక్కువ వేగం పుంజుకుంటుంది, కనుక దాటింది. ప్రధాన ఇంజను మండించే క్రమం మొదలైన సుమారు 37 సెకన్లకు ఆ యూనిట్ ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండో యూనిట్‌లోనూ అదే ప్రోగ్రాం ఉంది. అది అంతకుముందరి 72 మిల్లీసెకన్ల డేటా చక్రంలోనే, అదే కారణంతో ఆగిపోయింది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలతో సహా రాకెట్టు ముక్కలైంది.

జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం జులై 19న ఇచ్చిన నివేదిక చదువుతుంటే మనసును పట్టుకునేది పేలుడు కాదు, ఆ ప్రోగ్రాం పుట్టిననాటి లెక్క. అలాంటి ప్రమాదం ఉన్న చలరాశులు ఏడు. ప్రాసెసర్ మీద భారం 80 శాతం మించకూడదన్న నియమం ఉంది కనుక నాలుగింటికే రక్షణ పెట్టి, మూడింటిని వదిలేశారు. ఆ మూడు హద్దు దాటవని లెక్క వేసే వదిలేశారు. ఏరియాన్-4కు ఆ నిర్ణయం సరైనదే. కానీ ఎందుకు వదిలేశారన్న కారణం కోడులో ఎక్కడా రాసి లేదు. అసలు ఆ లెక్క చేస్తున్న భాగానికి ఏరియాన్-5 గాలిలోకి లేచాక పనే లేదు. ఏరియాన్-4లో చివరి క్షణాన కౌంట్‌డౌన్ ఆగితే త్వరగా తిరిగి మొదలుపెట్టడానికి దాన్ని సుమారు 40 సెకన్ల పాటు నడవనిచ్చేవారు. బాగా పనిచేస్తున్న దాన్ని ముట్టుకోకూడదని అలాగే ఉంచేశారు. ఏరియాన్-5 దారి వివరాలతో ఆ యూనిట్‌ను నేల మీద ఒక్కసారి నడిపి చూసినా బయటపడేది.

మన తీరంలో ఈ సంగతి రొయ్యల రైతుకు వివరించనక్కర్లేదు. హేచరీలో పీసీఆర్ పరీక్ష నెగ్గిన సీడు ఆరోగ్యంగా ఉందన్నది నిజమే, అది ఆ హేచరీ నీటి ఉప్పదనంలో నిజం. అందుకే చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేసిగానీ రైతు సీడు వదలడు. సర్టిఫికెట్ ఉంది కదా అని ఎవరూ సంచి విప్పి నేరుగా గుమ్మరించరు.

శ్రీహరికోట ఈ పాఠాన్ని వేరే దిక్కు నుంచి నేర్చుకుంది, అదీ కూరూ కంటే మూడేళ్ల ముందు. 1993 సెప్టెంబరు 20న పీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం. రెండో దశ విడిపోయేటప్పుడు అనుకున్నదానికంటే పెద్ద కుదుపు వచ్చింది. ఆ కుదుపును సరిచేయాల్సిన నియంత్రణ ప్రోగ్రాంలో పిచ్ లూపు లెక్క హద్దు దాటి ఓవర్‌ఫ్లో అయింది. ఐఆర్‌ఎస్-1ఇ ఉపగ్రహం కక్ష్య చేరలేదు. ఇది పాత ప్రోగ్రాం కాదు, పాత ప్రోగ్రాంల కథలో దీన్ని చేర్చడానికి కారణం వేరు. పరీక్షల్లో చూసిన కుదుపుల మేరకు ఆ ప్రోగ్రాం సరైనదే. అంటే పరీక్ష ఇచ్చే భరోసా పరీక్షలో చూసిన పరిసరాల దాకానే. కారణం పట్టుకుని సరిదిద్దాక 1994 అక్టోబరు 15న పీఎస్‌ఎల్‌వీ-డీ2 ఐఆర్‌ఎస్-పీ2ను కక్ష్యలో పెట్టింది.

దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2022 ఆగస్టు 7న, చిన్న రాకెట్టు ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగంలోనూ కష్టం రెండో దశ విడిపోయేటప్పుడే వచ్చింది. ఆ కొద్దిసేపటి కంపనానికి యాక్సిలరోమీటర్లు తమ కొలత హద్దును తాకాయి. సెన్సర్ చెడిందో లేదో తేల్చే తర్కం వాటన్నిటినీ చెడినవిగా లెక్కగట్టింది. నిజానికి సెన్సర్లు బాగానే ఉన్నాయి. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు 356×76 కిలోమీటర్ల కక్ష్యలో ఉపగ్రహాలు పడ్డాయి, నిలవలేదు. 2023 ఫిబ్రవరి 10న ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ2 విజయం సాధించేనాటికి ఆ తర్కాన్ని మార్చారు, దశలు విడదీసే యంత్రాంగాన్నీ మార్చారు. పీఎస్‌ఎల్‌వీ మూడో దశలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న ఏర్పాటును తెచ్చుకున్నారు. పాతదాన్ని తెచ్చుకోవడం తప్పు కాదనడానికి ఇదే రుజువు. తెచ్చుకున్నది కొత్త చోట సరిపోతుందా అని చూసి తెచ్చుకున్నారు.

ఇక పాత ప్రోగ్రాంను కొత్త సిస్టమ్ మీద నడిపే దారులు. ఇవి కొత్తవేం కాదు. 1964లో ఐబీఎం సిస్టమ్/360 ప్రకటించినప్పుడే, కొనేవాళ్లు తమ 1401 ప్రోగ్రాంలను వదులుకోరని తెలిసి, వాటిని కొత్త యంత్రం మీద అనుకరించి నడిపే ఏర్పాటు చేసింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా దారులు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, కొత్త ఆపరేటింగ్ సిస్టమే పాత ప్రోగ్రాంకు అనుకూలంగా సర్దుకోవడం. రెండోది, పాత ఆపరేటింగ్ సిస్టమ్‌నే ఒక వర్చువల్ మెషీన్‌లో ఉంచి మొత్తంగా మోసుకురావడం. మూడోది, విమానాల్లో చేసినట్టు, మొదటి నుంచే ప్రోగ్రాంలను విడివిడి అరల్లో పెట్టి కింద ఏం మారినా అర లోపలికి తెలియకుండా చూడడం.

మొదటి దారే అన్నిటికంటే సులువు, నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరం కూడా. ఎందుకంటే అది మన మేలు కోరి, మనకు చెప్పకుండా పనిచేస్తుంది. 2007లో వచ్చిన విండోస్ విస్టా సంగతి చూడండి. అంతకుముందు ప్రోగ్రాంలు తమ సెట్టింగుల ఫైళ్లను ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డరులోనే రాసుకునేవి. భద్రత కోసం విస్టా ఆ ఫోల్డరులో రాయడాన్ని కట్టడి చేసింది. పాత ప్రోగ్రాంలు ఆగిపోకూడదని వాటి రాతను చప్పుడు చేయకుండా ఆ యూజరు సొంత వర్చువల్ స్టోర్ ఫోల్డరులోకి మళ్లించింది. ప్రోగ్రాంకు తేడా తెలియదు. కానీ ఒక ల్యాబులో అలాంటి పాత ప్రోగ్రాం ఉందనుకోండి. ఉదయం షిఫ్టు అనలిస్టు తన లాగిన్‌తో క్యాలిబ్రేషన్ ఫైలు మారిస్తే, ఆ మార్పు ఆయన ఫోల్డరులోకి పోతుంది. మధ్యాహ్నం ఇంకొకరు లాగిన్ అయితే వాళ్లకు పాత క్యాలిబ్రేషనే కనిపిస్తుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు. ఒకే నమూనాకు రెండు అంకెలు వస్తాయి.

అంకెల్లోనే దాగిన తేడా ఇంకొకటుంది. ఇంటెల్ తరహా చిప్పుల మీద పాత 32 బిట్ ప్రోగ్రాంలలో చాలా భాగం మధ్య లెక్కలను 80 బిట్ల రిజిస్టర్లలో చేసేవి. 64 బిట్లకు తిరిగి కంపైల్ చేసినవి సాధారణంగా 64 బిట్లలోనే చేస్తాయి. చివరి అంకెల్లో స్వల్పమైన తేడా వస్తుంది. రోజువారీ పనిలో దానికి విలువ లేదు. కానీ 2022 నవంబరు 28 నుంచి ఐరోపా సంఘం క్లోరాంఫెనికాల్‌కు చర్య తీసుకునే స్థాయిని కిలోకు 0.3 మైక్రోగ్రాముల నుంచి 0.15కు తగ్గించింది, నైట్రోఫ్యూరాన్లకు 1 నుంచి 0.5కు. అంత కింద గ్రాఫులో మందు చూపే శిఖరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో సాఫ్ట్‌వేర్ గీసే గీత కొంచెం జరిగినా సరుకు పోవచ్చు, ఆగవచ్చు. ఐరోపా రేవుల్లో మన పెంపకపు రొయ్యల సరుకులో సగానికి తనిఖీ తప్పదన్న నిబంధన 2016 నుంచీ ఉంది. తేడా వస్తే అక్కడ దొరుకుతుంది, ఇక్కడి రైతు మీద పడుతుంది.

రెండో దారి, వర్చువల్ మెషీన్, ఇంతకంటే నిజాయతీ గలది. విండోస్ ఎక్స్‌పీని యథాతథంగా తెచ్చి లోపల పెడతాం. విండోస్ 7తో మైక్రోసాఫ్టే ఎక్స్‌పీ మోడ్ ఇచ్చింది. లెక్కలకు, రిపోర్టులకు, పాత డేటా తెరిచి చూసుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. చిక్కు యంత్రంతో మాట్లాడే చోట వస్తుంది. పాత పరికరాలు సీరియల్ పోర్టు మీదో, కంప్యూటరులో బిగించిన ప్రత్యేక కార్డు మీదో ఆధారపడతాయి. కొత్త కంప్యూటరుకు సీరియల్ పోర్టు ఉండదు, యూఎస్‌బీ కన్వర్టరు పెడతారు. ఆ కన్వర్టరు చిప్పుల్లో కొన్ని వచ్చిన బైట్లను వెంటనే పంపకుండా కొన్ని మిల్లీసెకన్లు ఆపి పంపుతాయి. పైగా వర్చువల్ మెషీన్ గడియారం అసలు గడియారంతో కొంచెం అటూ ఇటూ అవుతుంది. జవాబు ఇంతలోగా రావాలని లెక్కపెట్టుకునే పాత ప్రోగ్రాం తొంభైతొమ్మిది సార్లు బాగా నడిచి నూరోసారి తడబడుతుంది. ఇన్‌స్టలేషన్ రోజున చేసే పరీక్షలో ఆ నూరోసారి రాదు.

చుట్టూ ఉన్నవి మారినప్పుడు పాత లోపాలు ఎలా బయటికొస్తాయో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం చెప్పింది. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు అది విపరీతమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. దాని సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం ముందటి థెరాక్-20 నుంచి వచ్చింది. ఆ లోపాల్లో ఒకటి థెరాక్-20లోనూ ఉందని తర్వాత తేలింది. అక్కడ యంత్రంలోనే ప్రమాదాన్ని ఆపే ఇంటర్‌లాకులు ఉండడంతో ఫ్యూజు పోవడం తప్ప హాని జరగలేదు. కొత్త యంత్రంలో ఆ ఇంటర్‌లాకులు తీసేసి సాఫ్ట్‌వేర్‌ను నమ్మారు. ఏళ్ల తరబడి బాగా నడిచిందన్న పేరులో ఎంత వాటా ప్రోగ్రాంది, ఎంత వాటా దాన్ని కాపాడిన పరిసరాలది అన్నది విడదీయకుండా ఆ పేరును కొత్తచోటికి తీసుకుపోలేం.

మూడో దారి ఖరీదైనది, కానీ కోరిక నిజంగా తీరేది దాదాపు అక్కడే. ఆరింక్ 653 ప్రమాణం ప్రకారం రాసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రతి ప్రోగ్రాంకూ సొంత మెమొరీ, సొంత సమయపు వాటా కచ్చితంగా కేటాయిస్తారు. ఒకదాని తప్పు ఇంకొకదాన్ని తాకదు. పక్క అరలో ప్రోగ్రాం మారితే ఈ అరలోని దాన్ని మొత్తంగా తిరిగి పరీక్షించనక్కర్లేదు. ఇక్కడ కూడా పరీక్ష మాయమవలేదు. ప్రోగ్రాంల నుంచి గోడల మీదికి వచ్చింది. గోడలు గట్టివని ఒకసారి గట్టిగా రుజువు చేస్తారు, ఆ రుజువు అందరికీ పనికొస్తుంది. మల్టీకోర్ ప్రాసెసర్లు వచ్చాక ఆ రుజువే కష్టమైంది. రెండు కోర్లు ఒకే క్యాష్‌నూ ఒకే మెమొరీ దారినీ పంచుకుంటే, పక్క కోర్ హడావిడికి ఈ కోర్‌లో పని ఆలస్యమవుతుంది. దీని మీద విమానయాన నియంత్రణ సంస్థలు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది.

ఇస్రో తన ప్రాసెసర్ల విషయంలో నడిచిన తీరు ఇక్కడ చెప్పుకోదగ్గది. విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్ రూపొందించిన 16 బిట్ల విక్రమ్ 1601 మన రాకెట్లలో 2009 నుంచి పనిచేస్తోంది. దాని తర్వాతిది చండీగఢ్ సెమీకండక్టర్ ల్యాబొరేటరీతో కలిసి రూపొందించిన 32 బిట్ల విక్రమ్ 3201. ఇది అడా భాషకు అనువుగా తయారైంది. కంపైలరు, అసెంబ్లరు, లింకరు, సిమ్యులేటరు అన్నీ ఇస్రో తానే రాసుకుంది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 ప్రయోగంలో దాన్ని అంతరిక్షంలో నడిపి సరిచూశారు. పనిముట్లన్నీ సొంతవైతే ఏది మారిందో, ఏది మారలేదో తనకు తానే చెప్పుకోగలదు. తిరిగి పరీక్షించాల్సినంతే పరీక్షించగలదు. సూళ్లూరుపేట రోడ్డు మీదుగా శ్రీహరికోటకు వెళ్లే రాకెట్టు భాగాలకు ఉన్న ఈ స్వేచ్ఛ, అదే దారి పక్కనున్న ల్యాబుకూ ఫ్యాక్టరీకీ లేదు. వాళ్ల ప్రోగ్రాం సోర్సు వేరే దేశంలో, వేరే కంపెనీ దగ్గర ఉంటుంది.

అలాగని మార్చకుండా కూర్చుంటే? 2017 మే 12న వనాక్రై రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు స్తంభించాయి. దాడికి వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే దిద్దుబాటు ఇచ్చింది. 2014 ఏప్రిల్ 8తోనే మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి కూడా దాడి తర్వాత ప్రత్యేకంగా ఇవ్వాల్సి వచ్చింది. అయితే ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా దెబ్బతిన్నవి మద్దతు ఉన్న విండోస్ 7 కంప్యూటర్లే, దిద్దుబాటు వేసుకోకపోవడం వల్ల. ఇక్కడ వ్యాలిడేషన్ భయానికీ కొంత బాధ్యత ఉంది. దిద్దుబాటు వేస్తే క్వాలిఫికేషన్ పోతుందేమోనని పరికరాల కంప్యూటర్లను ఏళ్ల తరబడి ముట్టుకోని అలవాటు చాలా రంగాల్లో ఉంది. పాత వ్యవస్థ ఇంకో విధంగానూ చస్తుంది. 2015 నవంబరు 7న పారిస్ ఓర్లీ విమానాశ్రయం పొగమంచులో ఆగిపోయింది. పైలట్లకు వాతావరణ సమాచారం ఇచ్చే డెకార్ వ్యవస్థ అప్పటికీ విండోస్ 3.1 మీద నడిచేది, అది ఆగింది. దాన్ని బాగుచేయగల మనుషులు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

ఏ ప్రోగ్రాంకు ఎంత పరీక్ష అన్నదానికి నేను పెట్టుకునే కొలత ఒక్కటే: తప్పు జరిగితే కంటికి కనబడుతుందా? తెలుగు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్ల కోసం పేజ్‌మేకర్‌ను ఏ కొత్త విండోస్ మీదికి ఎలా ఎక్కించినా దిగుల్లేదు. వత్తు ఊడినా గుణింతం చెదిరినా ప్రూఫ్ చూసేవారికి దొరుకుతుంది. కిలోకు 0.15 మైక్రోగ్రాములన్న అంకె 0.13గా వస్తే ఎవరి కంటికీ దొరకదు.

నియంత్రించేవాళ్లు కూడా ఈ వైపుకే నెమ్మదిగా వస్తున్నారు. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా ఎఫ్‌డీఏ తెచ్చిన నిబంధన 1997 ఆగస్టు 20న అమలులోకి వచ్చింది. అంతకుముందు నుంచే నడుస్తున్న వ్యవస్థల విషయంలో, అవి తమ పనికి సరిపోతాయని ఆధారాలుంటే, కఠినంగా పోబోమని 2003లో చెప్పింది. 2025 సెప్టెంబరులో వైద్య పరికరాల తయారీ సాఫ్ట్‌వేర్ గురించి ఖరారు చేసిన మార్గదర్శకం కాగితాల కట్టలకు బదులు ప్రమాదాన్ని బట్టి పరీక్ష చేయమంటోంది. ల్యాబులకు ప్రాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025 2017 కూర్పులో 7.11 క్లాజు, కొనుక్కున్న సాఫ్ట్‌వేర్‌ను దాని ఉద్దేశించిన పరిధిలో వాడితే తగినంత వ్యాలిడేట్ అయినట్టే భావించవచ్చని ఒప్పుకుంటుంది. అయితే కాన్ఫిగరేషన్ మారితే వాడకముందే అనుమతి, నమోదు, వ్యాలిడేషన్ ఉండాలంటుంది. విమానాల సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీఓ-178సీ అంతకుముందు అభివృద్ధి చేసిన సాఫ్ట్‌వేర్‌కు ప్రత్యేక విభాగం పెట్టి, ప్రాసెసరు మారినా వాడే విమానం మారినా ఆ మార్పు ప్రభావం ఎందాకా పోతుందో విశ్లేషించమంటుంది. ఎవరూ మళ్లీ అంతా చేయమనడం లేదు, ఏమీ చేయనక్కర్లేదనీ అనడం లేదు.

కనుక నెల్లూరు తీరంలో ఈ ఏడాదో వచ్చే ఏడాదో విండోస్ మార్చబోయే ల్యాబుకు నేను చెప్పగలిగేది ఇది. పాత కంప్యూటరును తీసేయకముందే గత కాలపు ముడి డేటా ఫైళ్లు కొన్ని ఎంచి దాచండి. శుభ్రమైన నమూనాలే కాదు, హద్దుకు అటూ ఇటూ ఊగినవీ, శిఖరం వంకరగా వచ్చినవీ అందులో ఉండాలి. వాటినే కొత్త సిస్టమ్ మీద తిరిగి ప్రాసెస్ చేసి ప్రతి శిఖరం వైశాల్యాన్నీ పాత దానితో పోల్చండి. దీనికి పరికరం ఆపనక్కర్లేదు, నమూనా ఖర్చు లేదు. లెక్కలు మారలేదని తేలాక పరికరంతో మాటలు సాగే భాగాన్ని మాత్రం నిజమైన నమూనాలతో, ఇద్దరు వేర్వేరు లాగిన్లతో, రాత్రంతా నడిచే వరసలతో పరీక్షించండి. ఎక్స్‌పీనో విండోస్ 7నో అలాగే ఉంచక తప్పకపోతే ఆ కంప్యూటరును ఇంటర్నెట్ నుంచి, ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడదీయండి. పెన్ డ్రైవు తగిలించే చోటును కూడా మర్చిపోవద్దు.

ఇది ఒక్కో ల్యాబు ఒంటరిగా మోయాల్సిన పని కానక్కర్లేదు. ఈ తీరంలో చాలా ల్యాబులకు ఉన్నవి అవే కొద్ది కంపెనీల పరికరాలు, కొలిచేవి అవే మందుల అవశేషాలు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా, ఎగుమతి తనిఖీ మండలి లాంటి ప్రభుత్వ సంస్థలు అలాంటి ముడి డేటా ఫైళ్ల కట్టను ఒకటి తయారుచేసి, ఫలానా పరికరం ఫలానా సాఫ్ట్‌వేర్ ఫలానా విండోస్ మీద ఈ ఫలితాలిచ్చిందని నమోదు చేసి అందరికీ ఇస్తే, చిన్న ల్యాబు కూడా తన వంతుగా తన పరికరం వరకు చూసుకుంటే చాలు. పరికరాలు కొనే టెండర్లలోనే ఇంకో షరతు చేర్చాలి. ఈ సాఫ్ట్‌వేర్ ఏయే ఊహల మీద నడుస్తోందో, కింద ఏది మారితే ఏ పరీక్ష తిరిగి చేయాలో అమ్మే కంపెనీ రాసి ఇవ్వాలి.